బావ పరిగెత్తని ఏడు కిలోమీటర్లు

మొన్న ఆదివారం అక్క ఫోను చేసి, వాన వచ్చేలా ఉంది, చొప్పవామి మీద పట్ట కప్పాలి, ఒక మనిషి సాయం కావాలంది. మార్కాపురం శివార్లలోనే వాళ్ళిల్లు. నేను పోయేసరికి బావ అప్పటికే నిచ్చెన వేసుకుని వామి మీదికి ఎక్కి కూర్చున్నాడు. కింద గొడ్లపాక పక్కన మడతలు పడి ఉన్న పట్టను విప్పి ఒక కొస ఆయనకు అందించబోయాను. రెండో మడత విప్పగానే అందులోంచి బావ మొహమే బయటపడింది. మెడలో పూలదండ, చెవి దగ్గర ఎలుక కొరికిన బొక్క, తల మీద గుండ్రంగా పెద్ద అక్షరాలు: యాభై కిలోమీటర్ల పరుగు వీరునికి స్వాగతం. అంత పెద్ద ఫ్లెక్సీని ఆయన దాచి ఉంచాడని నాకు తెలియదు. దాచలేదని తర్వాత అర్థమైంది. గట్టి పట్ట కాబట్టి పారేయలేదు, అంతే. "బొమ్మ లోపలికి ఉండేటట్ల వెయ్ బామ్మర్దీ" అన్నాడు పైనుంచి. నునుపు వైపు పైకి ఉంటే నీళ్ళు త్వరగా జారతాయి కదా అన్నాను. "జారకపోతే మాన్లే. లోపలికే వెయ్" అన్నాడు. వేశాం. నాలుగు మూలలా రాళ్ళు కట్టాం. ఇప్పుడు మా బావ మొహం జొన్నచొప్ప వైపు చూస్తూ ఉంది.

ఆ ఫ్లెక్సీ మీద ఉన్నది యాభై. నేను కొలిచిన బాట నలభై ఎనిమిది. బావ పరిగెత్తింది నలభై ఒకటి. ఈ మూడు అంకెలూ ఒకేసారి గుర్తు పెట్టుకున్నవాణ్ణి ఈ తాలూకాలో నేనొక్కడినేనని నా అనుమానం. నేను పదో తరగతితో ఆగినవాణ్ణి. పలకల ఫ్యాక్టరీలో లోడ్ల లెక్క చూస్తాను. పలకల దొంతరను దూరం నుంచి చూసి ఎన్ని ఉంటాయో చెప్పడం, లారీ టైర్లు ఎంత అణిగాయో చూసి బరువు ఊహించడం నాకు ఎవరూ నేర్పలేదు. యజమాని ఎదురుగా నోరు తెరిచి నిలబడలేక నేర్చుకున్నవి. మా ఇంట్లో దీన్ని విద్య అనరు, జబ్బంటారు. అన్నం వడ్డించేటప్పుడు మా ఆవిడ, "మెతుకులు లెక్కపెట్టుకో, తక్కువైతే మళ్ళీ పెడతా" అంటుంది. బంధువులకు మాత్రం పొలం గట్టు తగాదా వచ్చినప్పుడు నా జబ్బుతో పని పడుతుంది. బావకు కూడా అలాగే పడింది.

బావది అర్ధవీడు వైపు కొండ కింది ఊరు. గొర్రెల ఇల్లు. చిన్నప్పుడు బడిలో ఆయన్ను మించి పరిగెత్తినవాడు లేడట. తాలూకా పోటీల్లో గెలిచాడు, జిల్లా పోటీలకు పేరు పంపారు. బయల్దేరే నాటికి మందతో పోవాల్సిన జీతగాడు జ్వరంతో పడుకున్నాడు. వాళ్ళ నాయన కోప్పడలేదు, కొట్టలేదు, "పరుగు యాడికి పోతది, ఇయ్యాల కాకపోతే రేపు. మంద ఆగదు గదా" అని కర్ర చేతికిచ్చాడు. ఆ ఏడాది అర్ధవీడు నుంచి నల్లమల అంచు పట్టుకుని, కంభం చెరువు వెనక నుంచి, గిద్దలూరు దాకా గొర్రెల వెనక నడిచాడు. తర్వాత ఏళ్ళ తరబడి అదే బాట. ఈ సంగతి నాకు చెప్పింది మా అక్క కాదు, ఆయనే. ఒకరోజు పొద్దున్నే కాలేజీ గ్రౌండులో బూట్ల తాళ్ళు కట్టుకుంటూ చెప్పాడు. "గొర్లెనక నడిచినోడికి సొంత నడక ఉండదు బామ్మర్దీ. మందలో కుంటిది ఎంత నడిస్తే మనమూ అంతే. తిరునాళ్ళకు పోయినా, పెండ్లికి పోయినా, ఎవురో ఒకరి నడకే నడిచినా ఇన్నాళ్ళూ. ఆ బాట మీద ఒక్కరోజు, ఒక్కటంటే ఒక్కరోజు, నా పరుగు నేను పరిగెత్తాల. ఈ చివర నుంచి ఆ చివరకు." అప్పుడాయనకు నలభై ఎనిమిదేళ్ళు. గొర్రెలు చాలావరకు అమ్మేసి మార్కాపురం వచ్చేశాడు, పదో పన్నెండో మేకలు, రెండు బర్రెలు మిగిలాయి.

గ్రౌండులో మేము నలుగురం ఒక జట్టు. బావ, నేను, బడి నుంచి రిటైరైన డ్రిల్లు సారు, మందుల షాపు కుర్రాడు, మేమందరం తమ్ముడూ అని పిలిచేవాడు. చక్కెర జబ్బు వచ్చిందని డాక్టరు తరిమితే నడవడానికి వచ్చినవాణ్ణి నేను. వాళ్ళతో కలిసి నెమ్మదిగా పరిగెత్తడం కూడా అలవాటైంది. డ్రిల్లు సారుకు ఈలంటే ప్రాణం. పిల్లలు లేని గ్రౌండులో కూడా మెడలో వేసుకునే వచ్చేవాడు. తమ్ముడికి ఫోనంటే ప్రాణం. బావ తన కోరిక చెప్పగానే ఇద్దరూ ఎగిరి గంతేశారు. "నువ్వు పరిగెత్తన్నా, మిగతాది మేం చూసుకుంటాం" అన్నాడు తమ్ముడు. ఆ మాటలో అబద్ధం ఏమీ లేదు. నిజంగానే మిగతాదంతా వాళ్ళే చూసుకున్నారు.

బాట కొలిచే పని నాది. కొండ కింద ఫోనుకు సిగ్నలు ఉండదు, ఉన్నా దాని కొలత మీద నాకు నమ్మకం లేదు. సైకిలు చక్రానికి ఎర్రగుడ్డ పేలిక కట్టి, అది ఎన్నిసార్లు పైకొస్తుందో లెక్కపెట్టుకుంటూ, రాళ్ళున్నచోట దిగి తోసుకుంటూ రెండు ఆదివారాలు తిరిగాను. పల్లేరుముళ్ళకు ట్యూబు పోయింది, సీతాఫలం పొదల్లో చొక్కా చిరిగింది, ఒకచోట గొర్రెల కుక్క నన్ను తరిమి లెక్క తప్పించింది, వెనక్కి పోయి మళ్ళీ మొదలుపెట్టాను. నీళ్ళు ఎక్కడ అందించాలి, ఎక్కడ అరటిపండు, ఎక్కడ పొడి సాక్సులు మార్చాలి, అన్నీ అనుకున్నాం. పొడి సాక్సుల సంగతి బావే చెప్పాడు. గొర్రెల కాపరికి పాదం తడిస్తే ఏమవుతుందో తెలుసు. వాగు దాటాక పాదం ఆరబెట్టుకోకుండా చెప్పు తొడగడు. ఇంకొక్క మాట కూడా చెప్పాడు. బాట సగం దాటాక మా ఊరు వస్తుంది. అంటే మా అమ్మ ఉండే ఊరు, ఆయనకు అత్తగారి ఊరు. "ఊర్లోకి వద్దు బామ్మర్దీ. ఊరెనక చేలగట్టు మీద పోదాం. అత్త చూసిందంటే అయిపోయె" అన్నాడు నవ్వుతూ. నేనూ నవ్వాను. చేలగట్టు మీదుగానే కొలిచాను.

మాఘమాసంలో ఒకరోజు తెల్లవారుతూండగా కొండ కింది ఊళ్ళో బయల్దేరాం. మంచుకు తడిసిన మట్టి వాసన, మేకపెంటల ఘాటు, ఎక్కడో కట్టెల పొయ్యి పొగ. బావ పొడుగు మనిషి, బక్కపలచన. పరిగెత్తుతుంటే పాదం నేలకు తగిలినట్టే ఉండదు. నేను సైకిలు మీద వెనక, డ్రిల్లు సారు తమ్ముడి బండి మీద ముందు. ఎక్కడన్నా ఇరుకు బాట వస్తే సారు దిగి కొంతదూరం పక్కనే పరిగెత్తి, ఈల ఊది, మళ్ళీ ఎక్కేవాడు. కంభం చెరువు వెనక నీళ్ళ మీద పొద్దుటెండ పడే వేళకు బావ ఒక్కమాట మాట్లాడకుండా పరిగెత్తుతున్నాడు. ఆయన మొహం నాకు అంతకుముందు తెలియదు. ఇరవై ఏళ్ళుగా చూస్తున్న మొహమే. కానీ ఎప్పుడూ ఎవరి మాటకో తలాడిస్తూనో, ఎవరి వెనకో నిలబడో ఉండే మొహం. ఆ పొద్దున అది ఎవరి వైపూ చూడలేదు.

మా ఊరి దగ్గర చేలగట్టు మొదట్లో సారు అడ్డం నిలబడి ఈల ఊదాడు. ఊరివైపు చెయ్యి చూపించాడు. ముందురోజే మా అమ్మకు ఫోను చేసి చెప్పేశాడట. చెడు చేయాలని కాదు. అల్లుడి గొప్ప అత్తకు తెలియకుండా పోతుందేమోనని ఆయన బాధ. ఊరి మొదట్లోనే మా అమ్మ, ఆమె వెనక మా పిన్నమ్మలు, వాళ్ళ వెనక మిగతా వీధి. మా వైపు ఇంటికొచ్చిన అల్లుడికి కాళ్ళకు నీళ్ళివ్వకుండా పలకరించరు. ఊళ్ళో అడుగు పెట్టి అత్తగారి గడప తొక్కకుండా పోతే అది అల్లుడికి తొందరని ఎవరూ అనుకోరు, ఇంట్లో ఏదో గొడవుందనుకుంటారు. బావకు ఇది తెలుసు. అందుకే చేలగట్టు అడిగాడు.

"బూట్లిప్పు నాయనా" అంది అమ్మ, చెంబు పట్టుకుని.

"వద్దత్తా, వచ్చేటప్పుడు ఆగుతా. కాళ్ళు తడవగూడదు."

"తడవకుండా కాళ్ళెట్ల కడుగుతారబ్బా? ఇదేం మాట! నీ బిడ్డ మొగుడు ఇంటిముందర నుంచి గుర్రం లెక్క పోయినాడంట గదాని రేపు బాయికాడ నన్నడిగితే ఏం చెప్పాల?"

"అత్తగారి నీళ్ళు పరుగుకు బలమప్పా" అన్నాడు సారు. అందరూ నవ్వారు. నేను అమ్మ చెయ్యి పట్టుకుని పక్కకు తీసుకుపోయి, పాదం తడిస్తే బొబ్బలొస్తాయి, ఇంకా చాలా దూరం ఉంది అని చెప్పాను. "నువ్వు నీ పెండ్లాం ఇంటికాడ లెక్కలు చెప్పుకో పో" అంది. అప్పటికే బావ అరుగు మీద కూర్చుని తాళ్ళు విప్పుతున్నాడు. మా అమ్మ మొహం చిన్నబోవడం ఆయనకు ఇష్టం లేదు. అమ్మ పోసింది. అమ్మ పోశాక, ఊరి అల్లుడు కదా, పెద్ద పిన్నమ్మ పోసింది. ఆమె పోశాక చిన్న పిన్నమ్మ ఊరుకుంటుందా? పక్కింటి ఆమె కూడా చెంబు తెచ్చింది. ఆ వేళ బావ పాదాల మీద పడ్డ నీళ్ళతో ఒక మడి తడిసేది. తర్వాత సంగటి, నాటుకోడి పులుసు. రెండు ముద్దలు తిని లేవబోతే మూడోది పడింది. పొడి సాక్సులు తమ్ముడి బండి సంచిలో ఉన్నాయి. తమ్ముడేమో సారును దించేసి, గిద్దలూరులో ఫ్లెక్సీ సరిగా కట్టారో లేదో చూసొస్తానని బండి తీసుకుని పోయాడు. బావ పాదాలు తువ్వాలుతో తుడుచుకున్నాడు. వేళ్ళ సందుల్లో తడి తువ్వాలుకు అందదు. పొద్దుటి నుంచి చెమటపట్టిన పాత సాక్సుల్లోకే ఆ పాదాలు పోయాయి.

ఆ తర్వాత కొంతదూరం బాగానే పరిగెత్తాడు. గొప్పగా పరిగెత్తాడనే చెప్పాలి, ఆ పులుసు బరువుతో. తర్వాత కుడికాలు వంకరగా వేయడం కనిపించింది. తర్వాత రెండూ. ఒక తుమ్మచెట్టు దగ్గర ఆగి, చెట్టును పట్టుకుని నిలబడ్డాడు. నా సైకిలు వెనక కూర్చుని వస్తున్న సారు దిగి బూటు విప్పమన్నాడు. బావ విప్పలేదు. "విప్పితే మళ్ళీ తొడగలేను సారూ" అన్నాడు. అంతలో తమ్ముడు బండి మీద ఎదురొచ్చాడు. గిద్దలూరులో తప్పెట్లు వచ్చాయట, జనం వచ్చారట, శాలువా కప్పడానికి ఒప్పుకున్న పెద్దమనిషి కూడా వచ్చాడట. ఆయనకు సాయంత్రం పొదిలిలో పెండ్లి ఉంది. ఎక్కువసేపు ఆగడు.

"ఎక్కన్నా, ఊరి ముందర దించుతా. ఆడ్నించి పరిగెత్తు" అన్నాడు తమ్ముడు.

"నడుస్తా లేరా. పొద్దు గూకేలోపు చేరుకోనా ఏంది? మీరు పోండి."

"నువ్వు చేరేసరికి ఆయన పొదిలిలో పప్పన్నం తింటా ఉంటాడు. అంతమందిని పిలిచినాక ఎట్లన్నా?"

"నేను పిలవలేదు గదరా."

సారు బావ భుజం మీద చెయ్యి వేశాడు. "చూడప్పా, నలభై పరిగెత్తినోడివి. ఈ చివర ముక్క ఎవురడుగుతారు? ఈ కొండకింద చూసేదెవరు?"

"నేను చూస్తా ఉండా గద సారూ" అన్నాడు బావ.

ఏడు కిలోమీటర్లు తక్కువవుతుంది, ఆయన్ను నడవనివ్వండి, నేను తోడుంటానని చెప్పాను. "నీ లెక్కలు పలకల లారీకాడ పెట్టుకోవయ్యా. మనిషి కాళ్ళు చూడు ముందు" అన్నాడు సారు. ఆయనకు నిజంగానే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇద్దరూ చెరో రెక్క పట్టుకుని, బావను లేపి బండి మీద కూర్చోబెట్టారు. మందలో పిల్ల వెనకబడితే కాపరి దాన్ని ఎత్తి భుజాన వేసుకుంటాడు. ఎంతో ప్రేమగా వేసుకుంటాడు. పిల్లను అడగడు. అది కాసేపు కాళ్ళు తన్నుకుంటుంది, తర్వాత ఊరుకుంటుంది. బావ ఊరుకున్నాడు. నేను సైకిలు తొక్కుకుంటూ ఆ ఏడు కిలోమీటర్లూ ఒక్కడినే పోయాను. బాట ఖాళీగా ఉంది. బాగుంది కూడా, రాళ్ళు తక్కువ, చివరంతా పల్లం. బావకోసం దాచిపెట్టినట్టుంది ఆ పల్లం.

నేను చేరేసరికి ఉపన్యాసాలు ఇంకా కాలేదు. బావ కుర్చీలో శాలువాతో కూర్చుని ఉన్నాడు, పాదాలు నేలకు ఆనించకుండా మడమల మీద నిలిపి. నాలుగు మాటలు చెప్పమని మైకు చేతికిచ్చారు. ఆయన లేచి నిలబడ్డాడు.

"అయ్యా, నేను మొత్తం పరిగెత్తలేదు. చివర బండెక్కినా. ఈ శాలువా నాది కాదు."

నవ్వులు, చప్పట్లు. మొదట చప్పట్లు కొట్టింది డ్రిల్లు సారే. పెద్దమనిషి మైకు అందుకుని, "చూసినారా! ఇంత చేసి గూడ ఏమీ చేయలేదంటాండాడు. ఈ కాలంలో యాడుంది ఈ వినయం!" అన్నాడు. బావ మైకు లేకుండానే గొంతు పెంచాడు. "నిజంగానే బండెక్కినా సామీ. కావాలంటే మా బామ్మర్దిని అడగండి, ఆడుండాడు." జనం నా వైపు తిరిగారు. నిజమే, పరిగెత్తింది నలభై ఒకటే అన్నాను. "మావాళ్ళ లెక్కల మామ, నిండు యాభై అంటే ఈయనకు నచ్చదు" అన్నాడు తమ్ముడు. మళ్ళీ నవ్వారు. పెద్దమనిషికి పొదిలి పెండ్లి గుర్తొచ్చింది, తప్పెట్లు మొదలయ్యాయి. మనిషి అబద్ధం చెబితే పట్టుకునేవాళ్ళను చూశాను. నిజం చెబితే దాన్ని దండతో కప్పేసి ఇంటికి పంపడం ఆ రోజే చూశాను.

ఇంటికొచ్చాక అక్క గోరువెచ్చని నీళ్ళలో కాళ్ళు పెట్టించి సాక్సులు లాగితే, వాటితోపాటు చర్మం వచ్చింది. నెలకు పైగా పట్టింది మానడానికి. మానినా బావ మళ్ళీ గ్రౌండుకు రాలేదు. బూట్లు మేకల పాక చూరులో చాలాకాలం కనిపించేవి, తర్వాత అవీ కనిపించలేదు. సారూ తమ్ముడూ రెండు మూడుసార్లు వచ్చి పిలిచారు. వచ్చినప్పుడల్లా టీ తాగించి పంపాడు, ఒక్కమాట అనలేదు. తనకు కోపం వచ్చిందని కూడా వాళ్ళకు తెలియనివ్వలేదు. వాళ్ళు ఇప్పటికీ ఆ రోజును తమ జీవితంలో చేసిన మంచి పనుల్లో కలిపి చెప్పుకుంటారు. మా అమ్మ సంగతి చెప్పనే అక్కర్లేదు. "నేనిచ్చిన కాళ్ళ నీళ్ళ చలవే, లేకపోతే అంతదూరం పోతాడా" అంటుంది బాయికాడ. బావ ఎదురుగా కూడా అంటుంది. "అంతే గదత్తా" అంటాడు ఆయన.

మొన్న పట్ట కప్పడం అయ్యాక ఇద్దరం పాక కింద కూర్చున్నాం. అక్క టీ తెచ్చింది. వాన ఇంకా పడలేదు గానీ గాలి చల్లబడింది, మేకలు ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. ఫ్లెక్సీ చూసిన వేడిలో అడిగేశాను, ఆ ఏడు కిలోమీటర్లు ఎప్పుడన్నా పోయి పూర్తి చేయొచ్చు కదా బావా అని.

"చేయొచ్చు" అన్నాడు. కాసేపు టీ ఊదుకున్నాడు. "పోతే మీరొస్తారు గదా."

"ఎవరికీ చెప్పొద్దులే. సారుకూ చెప్పొద్దు. నేను సైకిలు మీద దూరంగా వస్తా, నీళ్ళు మాత్రం..."

"చూడు" అన్నాడు బావ నవ్వుతూ, "అప్పుడే నువ్వు బయల్దేరినావు."

చినుకులు మొదలై పట్ట మీద టపటపమన్నాయి. ఇంటికి పోతూ దారంతా, నా జబ్బు కొద్దీ, లెక్క వేసుకుంటూనే ఉన్నాను. ఆ మాఘమాసం నుంచి ఇప్పటికి ఏడేళ్ళు దాటాయి. మేము పక్కన లేకుండా, ఏడాదికి ఒక్క కిలోమీటరు చొప్పున కుంటుకుంటూ నడిచి ఉన్నా, మా బావ ఈపాటికి గిద్దలూరు చేరి ఉండేవాడు.